పట్టా వద్దన్న సత్యవేణి

డిగ్రీ అక్కర్లేనివాళ్ళు కూడా తమ దగ్గర చదువుకోవచ్చని ఆ విశ్వవిద్యాలయం తీర్మానించిన రోజున పాలకమండలి వారందరూ తలా రెండు కాజాలు తిని, ఒకరినొకరు అభినందించుకున్నారు. విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అనవసరం. చెబితే అక్కడ పట్టాలు పుచ్చుకున్నవాళ్ళు నొచ్చుకుంటారు.

విషయమేమిటంటే, ఉపకులపతి గారు ఆ వేసవిలో ఏదో చల్లని ఊళ్ళో జరిగిన సదస్సుకి వెళ్ళొచ్చారు. మనిషి బతికున్నన్నాళ్ళూ చదువుతూనే ఉండాలని అక్కడ మూడు రోజులపాటు, రెండు భోజనాలకీ మధ్య, తీవ్రంగా చర్చించారట. ఆ వేడి చల్లారకముందే ఆయన 'పట్టారహిత విద్యార్థి' అనే కొత్త జాతిని సృష్టించారు. ఈ విద్యార్థికి వయసుతో పనిలేదు. పాత చదువుతోనూ పనిలేదు. నచ్చిన కోర్సు ఒక్కటి ఎంచుకుని, నాలుగు నెలలు కూర్చుని చదువుకుని, పట్టా గిట్టా అడక్కుండా ఇంటికి పోవచ్చు. ఫీజు ఇరవై రెండు వేలు. అంత కట్టలేనివాళ్ళ కోసం 'పట్టారహిత విద్యార్థి ఆర్థిక ఆలంబన పథకం' అని ఇంకొకటి పెట్టి, గేటు దగ్గర ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టించారు. ఫ్లెక్సీ మీద పథకం వివరాలు తప్ప అన్నీ ఉన్నాయి.

ఆ పథకానికి దరఖాస్తు పెట్టిన మొట్టమొదటి మనిషి సత్యవేణి. గోదావరి కాలవ గట్టున ఆవిడకి ముప్పాతిక ఎకరం నర్సరీ ఉంది. వయసు నలభై నాలుగు. చదువు పదో తరగతి, అదీ లెక్కల్లో రెండోసారి గట్టెక్కి. కానీ నిమ్మ అంటు కట్టడంలో మాత్రం ఆవిడ చేతికి తిరుగులేదు. మెట్ట రైతులు సత్యవేణి కట్టిన అంటు అంటే కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళేవారు.

రెండేళ్ళుగా కళ్ళు తెరిచి చూస్తున్నారు. ఆ అంట్లకి ఏదో మాయరోగం పట్టుకుంది. తోటలో నాటిన ఆరు నెలలకి మొదలు దగ్గర బంక కారి, ఆకు పసుపెక్కి, మొక్క నిలువునా ఎండిపోతోంది. మందుల షాపువాళ్ళు ఏ డబ్బా ఇస్తే ఆ డబ్బా తెచ్చి పోసింది, లాభం లేకపోయింది. ఒక రైతు ఎండిన అంటు ఒకటి పట్టుకొచ్చి, ఆవిడ గేటుకి ఆనించి, ఒక్క మాటన్నా అనకుండా వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టిపోయినా బాగుండేది. ఆ పూట సత్యవేణికి అన్నం సహించలేదు. వానలు వెనకబట్టాక అమ్మాల్సిన నాలుగు వేల అంట్లు షెడ్డు కింద పెరుగుతున్నాయి. అవి కూడా పోతే ఇక ఆవిడ పేరు ఎవరూ ఎత్తరు.

గులాబీ మొక్కలు కొనడానికి వచ్చిన ఎస్తేరు రాణి గారు ఆ ఎండిన అంటుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆవిడ ఆ విశ్వవిద్యాలయంలో మొక్కల తెగుళ్ళ పాఠం చెప్పే ప్రొఫెసరు.

"బంక కారడానికి పది కారణాలుంటాయండి. ఏదో ఒకటి నేను చెప్పెయ్యచ్చు. కానీ వేరు కోసి మైక్రోస్కోపులో చూసుకోవడం మీకే వచ్చిందనుకోండి, రేపు ఇంకో తెగులొచ్చినా భయముండదు. జూలైలో నా కోర్సులో చేరిపోండి."

"ఫీజు ఉంటుంది కదా మేడమ్?"

"పథకం ఉందిగా!" అన్నారు ఎస్తేరు రాణి గారు. తెగుళ్ళన్నీ తెలిసిన మనిషే గానీ, ఆఫీసు వైపు ఎప్పుడూ వెళ్ళిన పాపాన పోలేదు.

ఆర్థిక ఆలంబన విభాగం ఒక గది, ఒక ఫ్యాను, ఒక సూపరింటెండెంటు. ఆయన పేరు నూకరాజు. రిటైర్మెంటుకి రెండేళ్ళ దూరంలో ఉన్నాడు. సత్యవేణి గుమ్మంలో కనబడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"దరఖాస్తుకా? కూర్చో తల్లీ, కూర్చో. మూడు నెలల్నించీ చూస్తున్నాను, ఒక్కరన్నా వస్తారేమోనని."

దరఖాస్తు పదకొండు పేజీలు. ఆరు గడులు చకచకా నిండాయి. ఏడో గడి దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"ఇక్కడ డిగ్రీ ప్రవేశ సంఖ్య వెయ్యాలమ్మా."

"నాకు డిగ్రీ లేదు కదండీ. డిగ్రీ వద్దన్నవాళ్ళకే కదండీ ఈ పథకం?"

"మరే. కానీ ఆ సంఖ్య వెయ్యకపోతే కంప్యూటరు ఎనిమిదో గడిలోకి పోనివ్వదు. పోనీ డిగ్రీ విద్యార్థివి కాదని పరీక్షల విభాగం నుంచి ఒక ధ్రువపత్రం తెచ్చుకో. దాని నంబరు వేద్దాం."

పరీక్షల విభాగం రెండో అంతస్తులో ఉంది. అక్కడి గుమస్తా ఆవిడ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"మేం మా విద్యార్థులకే ధ్రువపత్రాలిస్తామమ్మా. మీరు మా విద్యార్థి కాదు. కానప్పుడు, కాదని ఎలా ఇస్తాం?"

"మరి దారేదండీ?"

"డిగ్రీలో చేరండి. చేరి మానెయ్యండి. మానేసినట్టు అప్పటికప్పుడే ఇచ్చేస్తాం."

డిగ్రీలో చేరాలంటే ఇంటర్మీడియట్ ఉండాలి. అంటే రెండేళ్ళు ఇంటరు చదివి, డిగ్రీలో చేరి, దాన్ని మానేసి, అప్పుడొచ్చి ఈ నాలుగు నెలల కోర్సులో కూర్చోవాలి. సత్యవేణి మెట్లు దిగుతూ లెక్కేసుకుంది. నిమ్మ అంట్లు అంతకాలం ఆగవు.

కిందికొచ్చి చెబితే నూకరాజు ఏమీ ఆశ్చర్యపోలేదు. సమస్యని ఒక కాగితం మీద రాసి, అట్టలో పెట్టి, దారం కట్టి, పైన నంబరు వేశాడు. తర్వాత చిన్న చీటీ మీద 'పరిశీలనలో ఉన్నది' అని ముద్ర కొట్టి ఆవిడ చేతికిచ్చాడు.

"ఇంక వెళ్ళి క్లాసులో కూర్చో."

"ఫీజు కట్టకుండానా?"

"మా దగ్గర పాత ఆనవాయితీ ఒకటుందమ్మా. ఫైలు పరిశీలనలో ఉన్నంతకాలం మనిషిని కదపకూడదు. ఫీజు అడక్కూడదు, బయటికి పంపకూడదు. ఇదివరకు ఒకాయన తన పింఛను తేలేదాకా క్వార్టర్సు ఖాళీ చెయ్యకుండా పదమూడేళ్ళున్నాడు. అక్కడే మనవల్ని కూడా ఎత్తుకున్నాడు."

సత్యవేణి ఆ చీటీని చేతిసంచీలో భద్రంగా పెట్టుకుని ల్యాబుకి వెళ్ళింది. ఎస్తేరు రాణి గారు చీటీ వైపు చూడనైనా చూడకుండా కిటికీ పక్కన మూడో మైక్రోస్కోపు చూపించారు.

ఫైలు మాత్రం డిప్యూటీ రిజిస్ట్రారు చిదంబరేశ్వరరావు గారి బల్ల మీదికి చేరింది. ఆయన మామూలు మాటని కూడా ఇస్త్రీ చేసి గానీ బయటికి వదలరు. ఫైలు మూడుసార్లు చదివి ఇలా రాశారు: "దరఖాస్తుదారు పట్టాను ఆశించుట లేదనుటకు దాఖలాలు లేవు. కావున సదరు ఆశించనితనమును నిర్ధారించుటకై నా అధ్యక్షతన ముగ్గురు సభ్యులతో 'ఆశారాహిత్య నిర్ధారణ ఉపసంఘము'ను ఇందుమూలముగా నియమించడమైనది."

ఉపసంఘం ఆవిడని పిలిచింది. మధ్య కుర్చీలో చిదంబరేశ్వరరావు గారు, అటూ ఇటూ ఇద్దరు సభ్యులు, వాళ్ళ ముందు మూడు ప్లేట్ల జీడిపప్పు.

"ఈ కోర్సునందు ఏల చేరదలచితిరి?" అన్నారు చిదంబరేశ్వరరావు గారు.

"మా నిమ్మ అంట్లు చచ్చిపోతున్నాయండి. ఎందుకు చస్తున్నాయో తెలుసుకుందామని."

"అనగా మీకు విషయము పట్ల ఆసక్తి కలదు."

"ఉందండి మరి."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక సభ్యుడు జీడిపప్పు నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

"ఇది ఆందోళనకరమైన అంశము. ఆసక్తి గలవారు పాఠము విందురు. విన్నవారు నేర్చుకొందురు. నేర్చుకొన్నవారు ఏదో ఒకనాడు పట్టా కోరుదురు. మా డిగ్రీ విద్యార్థులతో మాకీ ఇబ్బంది ఎన్నడును కలుగలేదు. మీ కుటుంబమునందు ఎవరికైనను పట్టా కలదా?"

"మా ఆడపడుచు కూతురు బీకామ్ చేసిందండి."

"ఆమె మీ ఇంటికి వచ్చుచుండునా?"

"అప్పుడప్పుడూ వస్తుందండి."

"వచ్చునప్పుడు పట్టాను వెంట తెచ్చునా?"

"చీరలు తెచ్చుకుంటుందండి. మా ఇస్త్రీ పెట్టె బాగా కాలుతుందని."

ఇదంతా రాసుకున్నారు. చివరికి, మెలకువలో గానీ నిద్రలో గానీ తనకి పట్టా మీద కోరిక కలగలేదని సత్యవేణి నెలనెలా స్టాంపు కాగితం మీద రాసివ్వాలని తీర్మానించారు. పరిశీలన కొనసాగుతుందన్నారు. సరేనని నమస్కారం పెట్టి ఆవిడ క్లాసుకి పరిగెత్తింది. అప్పటికే పావుగంట ఆలస్యమైంది.

క్లాసులో మిగతావాళ్ళందరూ ఇరవయ్యేళ్ళ పిల్లలు. మొదటి వారం 'ఆంటీ' అని నవ్వుకున్నారు. మూడో వారానికల్లా ఆంటీ నోట్సు ఇవ్వండి అని వెనకపడ్డారు. సత్యవేణి మాత్రం పాఠం చెబుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి వినేది. ఏ మాట చెవినపడ్డా, ఇది నా షెడ్డులో ఎక్కడుంది, అని వెతుక్కునేది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం తన అంటు వేరుని సన్నగా కోసి, ముందురోజు నుంచీ నీళ్ళలో ఉంచిన ముక్కని గాజుపలక మీద పెట్టి, కన్ను ఆనించింది. కాసేపు ఏమీ కనబడలేదు. మర తిప్పింది. ఉన్నట్టుండి కేక పెట్టింది.

"మేడమ్! ఇందులో నిమ్మకాయలున్నాయండి!"

పిల్లలంతా మూగారు. ఎస్తేరు రాణి గారు వంగి చూసి, నవ్వుతూ లేచారు. నిజంగానే చిన్న చిన్న నిమ్మకాయల్లా ఉన్నాయి.

"మీ అంట్లని తినేస్తున్న బూజు తిత్తులు ఇవేనండి. పక్వానికొచ్చి పగిలాయంటే వందల కొద్దీ బీజాలు నీళ్ళలో ఈదుకుంటూ పోయి కొత్త వేరుని పట్టుకుంటాయి."

నీళ్ళలో ఈదుతాయి. ఆ ఒక్క మాటతో సత్యవేణికి రెండేళ్ళ కథ కళ్ళకి కట్టింది. కుండీల్లోంచి కారిన నీళ్ళు వృథా ఎందుకని గుంటలో పట్టి మళ్ళీ మొక్కలకే పోసింది. చచ్చిన మొక్క సంచీలో మట్టి పారబొయ్యడమెందుకని మళ్ళీ కుప్పలో కలిపింది. పొదుపు పొదుపంటూ రోగాన్ని తన చేత్తోనే ఇంటింటికీ పంచిపెట్టింది. ఆవిడకి ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. దొరికిందన్న సంతోషమే చివరికి గెలిచింది. ఇంటికి పోగానే భర్తని పిలిచి, ఇద్దరూ కలిసి గుంట పూడ్చేశారు. కుండీలన్నిటినీ ఇటుకల మీదికెక్కించి, పాత మట్టి కుప్పని షెడ్డుకి దూరంగా తోలించారు.

సెప్టెంబరులో పరీక్ష పెట్టారు. సత్యవేణికి నలభైకి ముప్ఫై ఎనిమిది వచ్చాయి. అక్కడ మొదలైంది గొడవ.

ఆలంబన కోరేవాళ్ళు 'సంతృప్తికరమైన పురోగతి' చూపాలని నిబంధనల్లో ఉంది. ఆ నిబంధనని డిగ్రీ విద్యార్థుల ఉపకారవేతనాల పుస్తకంలోంచి ఉన్నదున్నట్టుగా ఎత్తి ఇక్కడ పెట్టారు. చిదంబరేశ్వరరావు గారు దీని మీద వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నారు. డిగ్రీ విద్యార్థి నెలనెలా పట్టాకి దగ్గరవుతుంటే అది పురోగతి. కాబట్టి పట్టారహిత విద్యార్థి నెలనెలా పట్టాకి దూరమవుతుంటేనే పురోగతి. ఆ లెక్కన ముప్ఫై ఎనిమిది మార్కులు ఘోరమైన వెనకబాటు. వెంటనే తాఖీదు వెళ్ళింది: "పట్టార్హతకు తగిన మార్కులు సంపాదించుటకు గల కారణములు మూడు దినములలో తెలుపవలెను."

సత్యవేణి జవాబు రాసింది. "అయ్యా, తెలిసిన ప్రశ్నలు వచ్చినవి. ఇకముందు ఇలా జరగకుండా చూసుకోవడం నా వల్ల కాదు."

ఎస్తేరు రాణి గారికీ ఒకటి వచ్చింది. సదరు విద్యార్థినికి అర్థమగునట్లు బోధించుటకు సంజాయిషీ ఇవ్వాలట. ఆవిడ దాన్ని ల్యాబు గోడకి అంటించుకున్నారు. "ఇరవయ్యేళ్ళ సర్వీసులో నన్ను ఎవరైనా మెచ్చుకోవడం ఇదే మొదలు" అని వచ్చినవాళ్ళందరికీ చూపించారు.

అక్టోబరు మూడో వారంలో నూకరాజు స్వయంగా ల్యాబుకి వచ్చాడు. మొహం వేలాడేసుకుని, సత్యవేణిని వరండాలోకి పిలిచాడు.

"మంజూరైపోయింది తల్లీ."

"ఏంటండీ?"

"నీ సాయం. నువ్విచ్చిన స్టాంపు కాగితాలు నమ్మి ఉపసంఘం ఏకగ్రీవంగా మంజూరు చేసేసింది. నేను చెయ్యగలిగిందేమీ లేకపోయింది."

ఉత్తర్వు రెండు పేజీలుంది. మొదట విద్యార్థిని ఫీజు ఇరవై రెండు వేలు, ఆలస్య రుసుము ఎనిమిది వేలు శనివారంలోగా కట్టాలి. తర్వాత ఆ డబ్బు తిరిగి ఇమ్మని అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీకి డిగ్రీ పట్టా నకలు జతచెయ్యాలి.

"శనివారంలోగా ముప్ఫై వేలు ఎక్కణ్ణించి తేనండీ? ఇంతకాలం నడిచినట్టే ఇంకో రెండు వారాలు నడిపించెయ్యలేరా?"

"ఉత్తర్వు వచ్చాక ఫైలు మూసేస్తారమ్మా. ఫైలు మూస్తే నువ్వు పరిశీలనలో లేనట్టే."

"అంటే రేపట్నించి క్లాసుకి రాకూడదా?"

"ఎలా వస్తావు? నీకు సాయం అందిపోయిందిగా."

సత్యవేణి వరండా మెట్ల మీద కూలబడింది. తెగులు ఎక్కణ్ణించి వస్తోందో తెలిసింది గానీ, పట్టిన మొక్కని నిలబెట్టే పాఠం ఇంకా కాలేదు. మైలుతుత్తం, సున్నం ఏ పాళ్ళలో కలపాలో, అంటు మొదలుకి ఎంత మందాన పుయ్యాలో, వేరు శుభ్రపడిందో లేదో ఎలా తేల్చుకోవాలో, అన్నీ ఆ చివరి రెండు వారాల్లోనే ఉన్నాయి. షెడ్డులో నాలుగు వేల మొక్కలున్నాయి. ఆవిడ తలెత్తింది.

"నూకరాజు గారూ, ఒకరి ఫైలు మీద ఇంకొకరు అభ్యంతరం పెట్టొచ్చా అండీ?"

"ఎవరైనా పెట్టచ్చు. ఆ ఒక్క పనికి మాత్రం ఇక్కడ ఏ అర్హతా అక్కర్లేదు. పెడితే ఫైలు మళ్ళీ తెరవాల్సిందే."

"నా ఫైలు మీద నేను పెట్టుకోవచ్చా?"

నూకరాజు ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో అలాంటి మాట వినలేదు. జేబులోంచి పెన్నూ, ఉత్తర్వు వెనకాల ఉన్న తెల్లకాగితమూ తీసి ఇచ్చాడు.

సత్యవేణి రాసింది. "అయ్యా, ఈ పథకానికి నేను తగుదునో తగనో నాకే అనుమానంగా ఉంది. నాకు పట్టా మీద కోరిక లేదని తమరు నమ్మారు. కానీ మైక్రోస్కోపులో చూసిన దగ్గర్నుంచి, నాకూ పట్టా ఉంటే బాగుండునని రెండు మూడుసార్లు అనిపించింది. పోయిన మంగళవారం మరీ గట్టిగా అనిపించింది. కావున నన్ను మళ్ళీ పరిశీలించ ప్రార్థన."

అది ఎత్తుగానే మొదలుపెట్టింది. 'మరీ గట్టిగా' అని రాశాక పెన్ను ఆగిపోయింది. చూస్తే అది అబద్ధం కాదు. పోయిన మంగళవారం పిల్లలు పై చదువుల మాట మాట్లాడుకుంటుంటే ఆవిడ మనసు ఒక్కసారి అటు లాగిన మాట నిజం. నలభై నాలుగేళ్ళ వయసులో తనకి అలాంటి కోరిక పుట్టిందని ఒప్పుకోడానికి సిగ్గేసింది, కొంచెం గర్వంగానూ అనిపించింది. సంతకం పెట్టి ఇచ్చేసింది.

ఉపసంఘం అత్యవసరంగా సమావేశమైంది. జీడిపప్పు తెప్పించడానికి కూడా వ్యవధి లేకపోయింది. "దుర్వినియోగము త్రుటిలో తప్పినది" అన్నారు చిదంబరేశ్వరరావు గారు, నుదురు తుడుచుకుంటూ. ఉత్తర్వు రద్దయింది. ఫైలు మళ్ళీ తెరుచుకుంది. ముద్ర కొట్టిన కొత్త చీటీతో సత్యవేణి ల్యాబులో చివరి రోజు దాకా కూర్చుంది.

నవంబరులో అంట్లు అమ్మకానికొచ్చాయి. వరసకి పది చొప్పున వేళ్ళు కోసి, ఎస్తేరు రాణి గారి మైక్రోస్కోపు కింద తనే పెట్టి చూసుకుంది. ఆ పాడు నిమ్మకాయలు ఒక్కటంటే ఒక్కటి కనబడలేదు. నాలుగు వేలలో ముప్ఫై మొక్కలు పోతే పోయాయి, వాటిని తనే తగలబెట్టింది. మిగతావాటిని లారీ ఎక్కిస్తుంటే పక్క నర్సరీవాళ్ళు వచ్చి, ఏం చేశావు, ఎక్కడ నేర్చుకున్నావు అని చుట్టూ మూగారు. సత్యవేణి దాచుకోలేదు. కోర్సు గురించి చెప్పింది, చీటీ గురించీ చెప్పింది.

జనవరిలో యాభై ముగ్గురు దరఖాస్తు పెట్టారు. నర్సరీలవాళ్ళు, చేపల చెరువులవాళ్ళు, ఒక హోటలు వంటాయన, పుట్టగొడుగులు పెంచే ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అందరికీ ఏడో గడి దగ్గరే ఆగింది. అందరికీ చీటీలొచ్చాయి. నెలకోసారి ఎవరి మీద వాళ్ళు అనుమానం వ్యక్తం చేస్తూ ఒక కాగితం రాసిచ్చి క్లాసుకి పోతున్నారు. సత్యవేణి కూడా పాత ఫైలు మీదే పురుగుల కోర్సులో కూర్చుంది. ఆ ఏటి వార్షిక నివేదికలో చిదంబరేశ్వరరావు గారు సగర్వంగా రాయించారు: పథకం కింద ఖర్చు సున్న, తిరస్కరణలు సున్న, దుర్వినియోగం సున్న, చదువుకుంటున్నవారు యాభై నలుగురు. ఉపకులపతి గారిని ఈ అద్భుతం గురించి మాట్లాడమని ఇంకో చల్లని ఊరికి పిలిచారు.

అయితే ఆడిటువాళ్ళు ఒక మెలిక పెట్టారు. మిగతావి ఎలా ఉన్నా, అన్నిటికంటే పాతదైన సత్యవేణి ఫైలు మార్చిలోగా తేల్చెయ్యాలన్నారు. చిదంబరేశ్వరరావు గారు ఆవిడని తన గదికి పిలిపించుకున్నారు. సభ్యులెవరూ లేరు. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, అందరిలాగే మాట్లాడారు.

"చూడమ్మా, నాకూ పెళ్ళాం పిల్లలున్నారు. ఉన్నమాట ఒక్కటి చెప్పెయ్. నీకు డిగ్రీ కావాలా, వద్దా?"

వద్దంటే సాయం మంజూరు చేసి బయటికి పంపుతారు. కావాలంటే పథకానికి పనికిరావని బయటికి పంపుతారు. సత్యవేణికి అది తెలుసు. కానీ ఆ క్షణాన ఆవిడ ఆలోచించింది దాని గురించి కాదు. నీకేం కావాలి అని ఆవిడని ఇంత మామూలుగా, ఇంత సూటిగా అడిగినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. జవాబు నిజంగా తెలుసుకోవాలనిపించింది. చేతిసంచీలో దూరవిద్య ఇంటర్మీడియట్ దరఖాస్తు ఒకటి, పేరు మాత్రం రాసి, వారం రోజులుగా అలాగే ఉంది.

"ఆలోచించి చెప్పాలండి" అంది.

"ఎప్పటిలోగా?"

"ఇప్పుడు మాత్రం చెప్పలేనండి. క్లాసుకి టైమైపోయింది" అని సంచీ భుజాన వేసుకుని, నమస్కారం పెట్టి, సత్యవేణి గబగబా మెట్లు దిగింది. ఇదివరకులా కాదు, ఇప్పుడు యాభై ముగ్గురొస్తున్నారు. అయిదు నిమిషాలు ఆలస్యమైతే మైక్రోస్కోపు దొరకదు.